ప్రశ్నలు - జవాబులు: పని పైవాళ్ళకి ఇచ్చేటప్పుడు

ప్రశ్న: ద్రాక్షారామం గుడి వీధిలో మాది చిన్న మిఠాయి కొట్టు. రేకులు ఆత్రేయపురం నుంచి తెప్పించి నేనూ మా అత్తగారూ పూతరేకులు చుట్టేవాళ్ళం. కార్తీకమాసంలో పంచారామాల బస్సులు వచ్చాయంటే మా ఇద్దరి వల్లా కావడం లేదు. కిందటేడు వీధిలో నలుగురు ఆడవాళ్ళకి చుట్టే పని ఇచ్చాను. ఒకరు చుట్టినవి నెయ్యి కారుతున్నాయి, ఇంకొకరివి ఎండు గడ్డిలా ఉన్నాయి. తిన్నవాళ్ళు వచ్చి నన్ను అడిగారు. "పైవాళ్ళకిస్తే ఇంతేనమ్మా" అంటారు అత్తగారు. ఈ ఏడాది ఏం చెయ్యమంటారు?

జవాబు: పైవాళ్ళకి ఇవ్వకూడదంటే ముందు మీ కొట్లో పూతరేకులే ఉండవమ్మా. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచగా రుబ్బిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్కసారి అలా పరిచి లాగి, కాగితం కన్నా పలచని రేకుని చిరగకుండా తీసే పని ఆత్రేయపురం ఆడవాళ్ళు చేస్తున్నారు. అసలు కష్టం అక్కడే ఉంది. ఆ ఊళ్ళోనూ చాలా ఇళ్ళలో రేకులు తీసి కొట్లకి లెక్కన ఇస్తారు, చుట్టి అమ్మేవాళ్ళు వేరే.

మరి అక్కడ రాని పేచీ మీ వీధిలో ఎందుకొచ్చింది? రేకు బాగుందో లేదో చూడగానే తెలుస్తుంది. మందంగా ఉన్నా, చిరిగినా అక్కడికక్కడే పక్కన పెట్టేస్తారు. నెయ్యీ బెల్లమూ అలా కాదు. ఒకసారి మడతలోకి వెళ్ళాక మీకు కనబడవు, కొన్నవాళ్ళు కొరికినప్పుడు తెలుస్తాయి. కనబడని పనికి కొలత ఉండాలి. మీరు ఆ నలుగురికీ "కాస్త నెయ్యి, సరిపడా తీపి" అని చెప్పి పంపి ఉంటారు. ఎవరి ఇంట్లో ఎంత అలవాటో అంతే వేశారు. వాళ్ళ తప్పేముంది?

ఈసారి బెల్లంపొడి, జీడిపప్పు పలుకులు, యాలకులపొడి మీ ఇంట్లోనే కలిపెయ్యండి. వంద చుట్టలకి ఎంత పడుతుందో తూచి, డబ్బాల్లో పోసి ఇవ్వండి. నెయ్యి కూడా మీరే ఇవ్వండి, నలుగురికీ ఒకే సైజు చెంచా కొనిపెట్టండి. వంద చుట్టాక పొడి బాగా మిగిలినా, ఎనభైకే అయిపోయినా సాయంత్రానికి మీకు తెలిసిపోతుంది. నెల మొదలవకముందే రెండు రోజులు వాళ్ళని మీ ఇంట్లో కూర్చోబెట్టి చుట్టించండి. నేర్చుకునే రోజులే కదా అని డబ్బులు ఎగ్గొట్టకండి. ఒక్కొక్కరి డబ్బాకి ఒక్కో రంగు దారం కడితే, ఫిర్యాదు వచ్చినప్పుడు నలుగురినీ కలిపి తిట్టే పని ఉండదు.

ఇక అత్తగారు. ఆవిడ చేత చుట్టించడం మానెయ్యండి. వచ్చిన ప్రతి డబ్బాలోంచి ఒక చుట్ట విప్పి చూసి, నోట్లో వేసుకుని, సరే అంటేనే కొట్లోకి రావాలి. ఆవిడ వద్దన్న డబ్బా మీరు మొహమాటానికి కూడా అమ్మకూడదు. ఇంత అధికారం ఇస్తే ఆవిడ "పైవాళ్ళు" అనడం తగ్గిస్తారని నా అనుమానం.

కూలి దగ్గర కాస్త ఆగాలి. నరసాపురం లేసు పని మీద మరియా మీస్ అనే జర్మన్ సామాజికశాస్త్రవేత్త రాసిన పుస్తకం 1982లో వచ్చింది. దారం ఇంటికి వస్తుంది, అల్లిక ఇంట్లో అవుతుంది, సరుకు దేశాలు దాటి వెళుతుంది, అల్లినావిడ చేతిలో పడేది మాత్రం అతి స్వల్పం. "ఇంటిపట్టున ఊరికే కూర్చునే బదులు చేస్తున్నారు" అన్న మాట మీదే ఆ రేట్లు నిలబడ్డాయని ఆవిడ చూపించారు. రోజులో ఆరేడు గంటలు వంచిన మెడ ఎత్తకుండా చేసేదాన్ని ఊసుపోక పని అంటే ఎలా? మీరు ఆ లెక్క కట్టకండి. గడియారం ముందు పెట్టుకుని గంటలో మీరెన్ని చుట్టగలరో చూడండి. రోజంతా ఆ వేగంతో చుడితే మీ ఊళ్ళో ఆడకూలికి తగ్గకుండా చుట్టకి ఇంతని కట్టండి. కార్తీక సోమవారాలకి కొంచెం పైన వెయ్యండి. లేకపోతే శివరాత్రి నాటికి మీరు నేర్పిన చేతులు పక్క కొట్లో చుడుతుంటాయి.

మీరు అడగలేదు గానీ, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు డబ్బా మీద వేసుకోవడానికి నమోదైన వాడకందారులకే హక్కు. మీరు మీ కొట్టు పేరు వేసి "పూతరేకులు" అనండి చాలు. ఎవరింట్లో చుట్టినా డబ్బా మీద పేరు మీదే కాబట్టి, ఆహార భద్రత అధికారి మీ గుమ్మంలోకే వస్తారు. ఆ నలుగురి వంటిళ్ళూ ఒకసారి వెళ్ళి చూసి రండి.

ప్రశ్న: ఫ్యాన్సీ షాపు నాది. జీఎస్టీ పనంతా రామచంద్రపురంలో ఒక అకౌంటెంటుకి అప్పజెప్పాను. ఏమడిగినా "నేను చూసుకుంటా కదండీ" అంటాడు. మొన్న లేటు ఫీజు పడింది. ఈ వయసులో లెక్కలు నేర్చుకోవాలా?

జవాబు: వద్దు. పోర్టల్లో ఎవరి ఫోన్ నంబరు ఉందో మాత్రం ఈరోజే చూడండి. చాలామందికి అకౌంటెంటు నంబరే ఉంటుంది. ఓటీపీలూ నోటీసులూ ఆయనకే పోతాయి, షాపు మీది. మీ నంబరు పెట్టించుకోండి. నెలనెలా రిటర్నులు వేసేవాళ్ళకి జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, 3బి గడువు 20. 3బి ఆలస్యమైతే రోజుకి 50 రూపాయలు, అమ్మకం కొనుగోలు ఏమీ లేని నెలకైనా 20. దాఖలు చేసిన రసీదు వాట్సాప్‌లో పెట్టమనండి. 19 సాయంత్రానికి రాకపోతే ఫోన్ చెయ్యండి. రెండు నెలలు వరసగా మీరే గుర్తు చెయ్యాల్సి వస్తే ఇంకొకరిని చూసుకోండి.

ప్రశ్న: క్యాటరింగ్ చేస్తాను. ఒకేరోజు రెండు పెళ్ళిళ్ళు పడితే ఒకటి మా బావమరిదికి అప్పజెబుతున్నాను. కానీ గంటకి పదిసార్లు ఫోను: "బావా, పెరుగు తగ్గేలా ఉంది, తెప్పించనా?" వాడికి తెలివి లేదా, నాకు చెప్పడం రాదా?

జవాబు: పని ఇచ్చారు, పర్సు ఇవ్వలేదు. అదండీ సంగతి. మూడు వేల వరకూ నన్ను అడగకుండా ఖర్చుపెట్టు అని డబ్బు చేతిలో పెట్టండి, మర్నాడు చీటీ చూపిస్తే చాలనండి. ఫోను ఎప్పుడు చెయ్యాలో కూడా మీరే చెప్పండి: చెప్పినదానికన్నా విస్తళ్ళు బాగా పెరిగితే, వంటమేస్త్రి అలిగితే, పెళ్ళివారితో మాటామాటా వస్తే. పెరుగు ఈ జాబితాలో లేదు.

మొదటి పెళ్ళికి అతను పెరుగు రెట్టింపు తెప్పిస్తాడు, మిగులుతుంది. ఆ మాట వంటమేస్త్రి ముందు అనకండి. అంటే ఆ రోజు నుంచి మేస్త్రి అతని మాట వినడు, ఫోన్లు మళ్ళీ మీకే మొదలవుతాయి. ఇంటికొచ్చాక చీటీ ముందు పెట్టుకుని, ఎన్ని విస్తళ్ళకి ఎన్ని లీటర్లు పట్టిందో ఇద్దరూ కలిసి రాసుకోండి. రెండో పెళ్ళికి ఆ కాగితం అతని జేబులో ఉండాలి.