నీతికి మూలం

మానవునికి నీతి దైవభక్తి వల్ల అలవడిందా, సంఘజీవనం వల్లనా? ఈ ప్రశ్నకు కృష్ణాతీరంలో రెండు సమాధానాలూ వినిపిస్తాయి.

నందిగామకు చేరువనున్న పరిటాలలో 2003లో 135 అడుగుల ఆంజనేయ విగ్రహాన్ని నెలకొల్పారు. తన బలాన్ని పరుల సేవకే వినియోగించిన హనుమంతుడు భక్తులకు ఆదర్శం; వారి దృష్టిలో ధర్మం దైవదత్తం.

ఉమ్మడి కృష్ణా జిల్లాలోనే, ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా (గోపరాజు రామచంద్రరావు, 1902–1975) అభిప్రాయం వేరు. మానవుడు స్వతంత్రుడు, కనుకనే తన చేతలకు తానే బాధ్యుడు. నలుగురితో కలిసి జీవించవలసినవానికి నీతి సాంఘికావసరమని ఆయన వాదించారు.

ఆ వాదానికి పరీక్ష ఆయన ఇంటనే ఎదురైంది. అస్పృశ్యతా నివారణకు కృషి చేసిన గోరా తన పెద్ద కుమార్తెను దళిత యువకునికిచ్చి వివాహం చేయ సంకల్పించారు. సత్యమే దైవమన్న గాంధీజీ ఆ వివాహాన్ని సేవాగ్రాంలో జరిపించడానికి అంగీకరించారు. వధూవరుల ప్రమాణంలో దైవం పేరుకు బదులు సత్యం పేరు ఉంచడానికీ సమ్మతించారు. ఆయన హత్యానంతరం, 1948 మార్చిలో, ఆ వివాహం ఆశ్రమంలోనే జరిగింది.

ఆస్తికుడు, నాస్తికుడు ఒకే పందిరి కిందికి వచ్చారు. వారిని కలిపింది విశ్వాసం కాదు, తోటిమనిషి గౌరవం. నీతికి మూలమేదైనా, గీటురాయి ఆచరణమే.

ప్రశ్న: నీతికి మూలాన్ని గురించి గోరా అభిప్రాయాన్ని వివరించి, దానిపై మీ అభిప్రాయాన్ని సకారణంగా తెలపండి.