మోయగలిగినంతే వెంట

నిర్ణయశక్తి, సంయమనం, ముందుచూపు అనే గుణాలను వ్యక్తిత్వ వికాస గ్రంథాలు తరచు ప్రశంసిస్తాయి గాని, అవి ఏ పనిలో అలవడతాయో, ఏ పనిలో పరీక్షకు నిలుస్తాయో వివరించడం తక్కువ. పరిమితమైన ఖర్చుతో, గుడారం వెంట కట్టుకొని, మోటారు సైకిలు మీద చేసే దూరయాత్రకు సన్నద్ధం కావడం అటువంటి పనుల్లో ఒకటి. ఎందుకంటే అక్కడ సొమ్ముకు, బరువుకు, పగటి వెలుతురుకు, ఒంట్లోని ఓపికకు ఒకేసారి హద్దులు ఏర్పడతాయి, వాటిలో ఏ ఒక్కదాన్ని మరచినా మిగిలిన మూడూ దెబ్బతింటాయి. ఈ యాత్ర మనిషికి నేర్పే దానిలో పెద్ద భాగం బండి కదలకముందే పూర్తవుతుంది.

ఈ విషయంలో తెలుగువారికి దాదాపు రెండు శతాబ్దాల నాటి ఆదర్శం ఉంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒక భాషలోని మాటను మరొక భాషలో వినిపించే ఉద్యోగిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పరివారంతో బయలుదేరి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని లోకం అనుకునే రోజుల్లో ఆయన ఊరికీ ఊరికీ నడుమ దూరాన్ని ఆమడల్లో లెక్కగట్టి, బాట తీరును, నీటి వసతిని, అంగళ్లలో దొరికే సరుకులను, డేరా వేయడానికి అనువైన చోట్లను రాసిపెట్టగా, ఆ రాతలు 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. బోయీలతో, పల్లకీతో సాగిన ఆ యాత్రను పొదుపు యాత్ర అనలేము గాని, దారిని భయంతో కాక వివరాలతో ఎదుర్కొన్న ఆ చూపు నేటి ద్విచక్ర యాత్రికునికీ అవసరమే.

అదే దారిని నేడు హైదరాబాదు నుంచి బండి మీద పట్టదలచిన యువకుడు 44వ నంబరు జాతీయ రహదారి మీద నాగపూరు దాటి, జబల్పూరు, రీవా, ప్రయాగరాజ్‌ల మీదుగా కాశీ చేరడానికి సుమారు 1,200 కిలోమీటర్లు ప్రయాణించాలి. రోజుకు 250 కిలోమీటర్లకు మించకుండా చూసుకుంటే అది ఐదు రోజుల దారి. రానుపోను 2,400 కిలోమీటర్లకు ఊళ్లలో తిరుగుడు కూడా కలుపుకొని, బరువుతో నడిచే 125 సీసీ బండి లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, 60 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు 105 రూపాయలుగా లెక్కిస్తే అది 6,300 రూపాయలు. జాతీయ రహదారుల మీద ద్విచక్ర వాహనాలకు టోలు రుసుము లేదు కనుక, మిగిలిన ఖర్చంతా తిండి, బస, మరమ్మతులదే. అయితే ఇటువంటి లెక్క కాగితం మీద ఎప్పుడూ అందంగానే ఉంటుంది. తలపెట్టిన పనికి పట్టే కాలాన్ని మనిషి తక్కువగా అంచనా వేసుకునే స్వభావాన్ని డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1979లో వివరించారు. దీన్ని ప్రణాళికా భ్రమ అనవచ్చు. ఖర్చుల విషయంలోనూ ఇదే భ్రమ వెంటాడుతుంది కాబట్టి, మొత్తంలో ఐదో వంతును, అదనంగా ఒక రోజును, టైరు పగిలినప్పుడో జ్వరం వచ్చినప్పుడో తప్ప ముట్టుకోకూడని నిల్వగా విడిగా ఉంచడం వివేకం.

సొమ్ము తరువాతి హద్దు బరువు. బండి మోయగల గరిష్ఠ భారంలో, అంటే తయారీదారు నిర్ణయించిన పరిమితిలో, నడిపేవారి శరీరం కూడా చేరి ఉంటుందన్న సంగతి చాలామందికి స్ఫురించదు. వస్తువులన్నిటినీ నేల మీద పరచి, లేకపోతే గడవనివి, దారిలో కొనుక్కోగలిగినవి, ఉంటే బాగుండుననిపించేవి అని మూడు కుప్పలుగా వేరుచేస్తే, మూడో కుప్పే తరచు అన్నిటికంటే పెద్దదై కనిపిస్తుంది. దాన్ని ఇంట్లో వదలగలగడమే సంయమనానికి తొలి పరీక్ష. మిగిలిన వాటిలో బరువైనవి కిందుగా, సీటుకు దగ్గరగా, రెండు పక్కలా సమానంగా ఉండాలి. బరువంతా వెనుక క్యారియర్ మీద పడితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది.

ఎక్కడ తగ్గించాలో తెలిసినంత స్పష్టంగా ఎక్కడ తగ్గించకూడదో కూడా తెలిసినప్పుడే పొదుపు పిసినారితనం కాకుండా పోతుంది. ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్, అరగని టైర్లు, బ్రేకులు, రెయిన్‌కోటు విషయంలో బేరం తగదు. గుడారాన్ని మాత్రం అద్దెకో అరువుకో తెచ్చుకోవచ్చు, వంటకు ఇంటి స్టీలు గిన్నె చాలు. డిసెంబరు, జనవరి నెలల్లో జబల్పూరు ప్రాంతంలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగుతుంది కనుక స్లీపింగ్ బ్యాగుతో పాటు మందపాటి చాప కూడా ఉండాలి, ఎందుకంటే ఒంటి వేడిని నేల లాగేసుకుంటుంది. క్లచ్ కేబుల్, స్పార్క్ ప్లగ్, పంక్చర్ కిట్ వెంట ఉన్నా, వాటిని బిగించడం రాకపోతే అవి వట్టి బరువే. కొన్ని ఆదివారాలు మెకానిక్ షెడ్డులో కూర్చొని ఆ పని నేర్చుకున్నవారికి దక్కేది పనితనం ఒక్కటే కాదు. ఒక పనిని తాను చేయగలనన్న నమ్మకాన్ని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బందూరా 1977లో స్వీయ సామర్థ్య విశ్వాసంగా సిద్ధాంతీకరిస్తూ, దానికి అన్నిటికంటే బలమైన ఆధారం స్వయంగా చేసి గెలిచిన అనుభవమేనని చెప్పాడు.

అందుకే అసలు యాత్రకు ముందు ఒక రాత్రి ప్రయోగం అవసరం. హైదరాబాదువారు వికారాబాద్ దగ్గరి అనంతగిరి వైపు పూర్తి బరువుతో వెళ్లి, అనుమతి ఉన్న చోట గుడారం వేసి పడుకుంటే, ఏ తాడు జారుతుందో, ఏ సంచి తడుస్తుందో ఆ ఒక్క రాత్రే చెబుతుంది. అనుమతి ఉన్న చోటే గుడారం వేయాలన్న నియమం దూర మార్గంలోనూ వర్తిస్తుంది: నాగపూరు, సివనీల నడుమ రహదారి పెంచ్ పులుల అడవిని తాకుతూ సాగుతుంది, వన్యప్రాణులు దాటడానికి అక్కడ రోడ్డు కింద దారులు కట్టారు, అటువంటి చోట గుడారం ఊసే ఎత్తకూడదు. పొద్దు గుంకకముందే ఆగి, పెట్రోలు బంకు ఆవరణలోనో, ధాబా వెనుకో, సత్రంలోనో యజమానిని అడిగి చోటు సంపాదించుకోవాలి. కాదన్నప్పుడు నొచ్చుకోకుండా మరొకరిని అడగగల వినయం కూడా ఈ సన్నాహంలో భాగమే.

యాత్ర ముగిశాక మరొక పని మిగులుతుంది. సంచులు విప్పి, దారి పొడవునా ఒక్కసారి కూడా చేయి పెట్టని వస్తువుల జాబితా రాసుకోవాలి. మందులు, మరమ్మతు సామాను మినహా ఆ జాబితాలో ఉన్నవన్నీ అవసరమని పొరబడిన కోరికలే. యాత్ర తలపెట్టినవారు దుకాణానికి వెళ్లే ముందు ఒక నోటు పుస్తకం, ఒక త్రాసు దగ్గర పెట్టుకొని, ఇంట్లో ఉన్నవాటిని తూచి రాసుకోవడంతో మొదలుపెట్టాలి.