ముందు మిక్సీ విప్పు

విజయవాడ

చిన్నీ,

వాట్సాప్‌లో పంపిన పీపీటీ చూశాను. నలభై స్లైడ్లు! మొదటిదాంట్లో కల్పనా చావ్లా, చివరిదాంట్లో ‘మీరూ సాధించగలరు’. సెలవుల్లో మన ఊరి హైస్కూలుకెళ్లి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి ఇంజినీరింగ్ గురించి చెప్పాలన్న ఆలోచన బంగారం. కానీ పదో స్లైడుకే వెనక బెంచీలో ఆవలింతలు మొదలవుతాయమ్మా. ఆ వయసులో పెద్దవాళ్లొచ్చి ఉపన్యాసాలిస్తుంటే నేనూ ఆవలించినదాన్నే. మీ నాన్నయితే ఏకంగా నిద్రపోయేవాడు.

పీపీటీ పక్కనపెట్టి ఒక పాత మిక్సీ పట్టుకెళ్లు. జారు నిండా మినప్పప్పు కుక్కితే మిక్సీ టక్కున ఆగిపోవడం, అమ్మ దాన్ని తిరగేసి అడుగున ఎర్ర బొత్తం నొక్కడం ప్రతి పిల్లా చూసే ఉంటుంది. ఎందుకు ఆగిందో అడుగు. కాసేపు వాళ్లనే ఊహించనివ్వు, తొందరపడి చెప్పేయకు. మోటారు జోరుగా తిరుగుతున్నంతసేపూ తనలోనే ఒక ఎదురు వోల్టేజి పుట్టించుకుని కరెంటుని అదుపులో ఉంచుకుంటుంది. పిండి బిగుసుకుని బ్లేడు నెమ్మదించిందంటే ఆ ఎదురు తగ్గిపోతుంది, కరెంటు ఎగబాకుతుంది, చుట్టలు వేడెక్కుతాయి. అవి మాడిపోకముందే లోపల స్విచ్చి తెగుతుంది. ఈ సంగతి అర్థమైన పిల్ల ఇంటికెళ్లి వాళ్లమ్మకి చెబుతుంది చూడు, అదీ నీకు కావలసింది. తర్వాత కార్బన్ బ్రష్‌లు బయటికి తీయించు. అరిగిపోయినదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెడితే వేరే మాటలక్కర్లేదు. ప్లగ్గు తీశావో లేదో మాత్రం రెండుసార్లు చూసుకో.

ఇంకోటి. స్క్రూడ్రైవరు వాళ్ల చేతుల్లోనే ఉండాలి. స్క్రూ జారిందని లాక్కోకు. మా రోజుల్లో ల్యాబులో కనెక్షన్లన్నీ మగపిల్లలే ఇచ్చేవాళ్లు, రీడింగులు నేను రాసేదాన్ని. నా దస్తూరి బాగుంటుందట! పొంగిపోయి రాస్తూ కూర్చున్నాను. మూడో ఏడాది పరీక్షలో ఎగ్జామినరు ‘వైర్లు కలుపమ్మా’ అంటే చేతులు వణికాయి. రికార్డు ముత్యాల్లా ఉంది, పని మాత్రం రాదు. ఉద్యోగంలో చేరాక సబ్‌స్టేషన్‌లో లైన్‌మన్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నాను.

లలిత గురించి ఒక్క స్లైడు పెట్టావు, ‘తొలి మహిళా ఇంజినీర్లలో ఒకరు’ అని. అయ్యలసోమయాజుల లలిత మద్రాసులో పుట్టిన తెలుగింటి పిల్ల. 15 ఏళ్లకి పెళ్లి, 18 ఏళ్లకి వైధవ్యం, ఒళ్లో నాలుగు నెలల పసిగుడ్డు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్. ఆయన అక్కడే చేర్పించారు. 1943లో ఇచ్చిన పట్టాలో అచ్చువేసిన ‘అతడు’ని కొట్టేసి చేత్తో ‘ఆమె’ అని రాశారు. తర్వాత భాక్రా నంగల్ డ్యామ్ పనుల్లోనూ ఆవిడ చెయ్యి ఉంది. ఇవన్నీ అందరూ చెప్పేవే. నాకు నచ్చింది వేరు. హాస్టల్లో ఒంటరితనం పడలేకపోతోందని తండ్రి పూనుకుని, ఆడపిల్లల్ని చేర్చుకుంటామని కాలేజీచేత ప్రకటన వేయించారు. అలా త్రేసియా, లీలమ్మ జార్జ్ సివిల్‌లో చేరారు.

అందుకే ఒక్క చురుకైన పిల్లని పట్టుకుని ‘నువ్వు ఇంజినీరువవుతావు’ అనకు. ముగ్గురిని జట్టు కట్టించు. మా బ్యాచిలో నేనొక్కదాన్నే. వర్క్‌షాపు వైపు ఆడవాళ్లకి బాత్రూమే ఉండేది కాదు. పొద్దున్నించీ నీళ్లు తాగకుండా ఉండేదాన్ని. అడగడానికి సిగ్గు, ఒక్కదాని కోసం కడతారా అని సందేహం. మరుసటేడు ముగ్గురు చేరారు. నలుగురం కలిసి ప్రిన్సిపాల్ గదికెళ్లాం. నెల తిరక్కుండా ఒక గదికి తాళంచెవి మా చేతికొచ్చింది.

కల్పనా చావ్లాని తీసేయమనను గానీ, పక్కన చీనాబ్ వంతెన పనిలో ఉన్న ఇంజినీరు మాధవీలతని పెట్టు. ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడు మనిషి. ఆ వంతెన 359 మీటర్ల ఎత్తని పేపర్లో పిల్లలు చదివే ఉంటారు. తవ్వేకొద్దీ కొండరాయి అనుకున్నట్టు లేక, ఎప్పటికప్పుడు డిజైను మార్చుకుంటూ 17 ఏళ్లు ఆ పనిలో ఉందని చెప్పు. లెక్క తప్పినా చెరిపి మళ్లీ చేసుకోవచ్చని తెలిస్తే వాళ్లకి లెక్కలంటే భయం కొంచెం తగ్గుతుంది.

తల్లుల్నీ పిలువు. ‘చదివిస్తే కట్నం పెరుగుతుంది’ అనేవాళ్లు వస్తారు, వాదనకి దిగకు. పదో తరగతి మార్కుల మీదే నూజివీడు ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల కోర్సుందని, పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా అని, దాని తర్వాత ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలోనే చేరొచ్చని ఒక కాగితం మీద రాసివ్వు. ఫీజుల లెక్క కూడా రాయి, వాళ్లడిగేది మొదట అదే.

మా అటక మీద పాత మిక్సీ ఉంది, నాలుగు స్క్రూడ్రైవర్లతో కలిపి ఆర్టీసీ పార్సిల్లో వేస్తాను. తిరిగి బిగించాక ఒక స్క్రూ మిగిలిపోతే కంగారుపడకు. అదెక్కడిదో వాళ్లనే వెతకమను.

మీ అత్త