నెలవంక పెద్దగా కనిపిస్తే నిన్నటిదేనా?

రంజాన్ నెలవంక కనిపించిన సాయంత్రం మన ఇళ్లలో ఒక మాట తరచూ వినిపిస్తుంది: "ఇంత పెద్ద చాందా? ఇది నిన్నటిదే! మనకు ఒక రోజా పోయింది." ఈ మాటతో ఎంతోమంది మనసుల్లో సందేహం చోటు చేసుకుంటుంది. ఉలమాను, మస్జిద్ కమిటీని నిందించేవారూ ఉంటారు. కనుక ఈ విషయంలో వాస్తవమేమిటో తెలుసుకుందాం.

చంద్రుని దశలు

చంద్రునికి స్వంత వెలుగు లేదు. సూర్యకాంతి పడిన సగభాగం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. చంద్రుడు భూమి చుట్టూ తిరిగే కొద్దీ ఆ వెలుగులో మనకు కనిపించే భాగం మాత్రమే పెరుగుతూ, తరుగుతూ ఉంటుంది. భూమి నీడ పడటం వల్ల చంద్రుడు సన్నబడతాడని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. భూమి నీడ పడితే అది చంద్రగ్రహణం. అది పున్నమి రాత్రే సంభవిస్తుంది.

ఒక అమావాస్య నుండి మరో అమావాస్యకు సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు పడుతుంది. కాబట్టే ఇస్లామీ నెల ఒకసారి 29 రోజులు, మరోసారి 30 రోజులు ఉంటుంది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఈ విషయాన్ని చేతివేళ్లతో చూపి ఎంతో సులువుగా బోధించారు.

పెద్ద నెలవంకకు కారణం

అమావాస్య ఘడియ దాటిన వెంటనే చంద్రుడు కనిపించడు. 15 గంటలైనా నిండని చంద్రుణ్ణి కంటితో చూడటం దాదాపు అసాధ్యం. ఉదాహరణకు, 29వ తేదీ సాయంత్రానికి అమావాస్య దాటి 10 గంటలే అయిందనుకుందాం. ఆకాశం నిర్మలంగా ఉన్నా నెలవంక కనిపించదు. మరుసటి సాయంత్రానికి 34 గంటలవుతాయి. అప్పుడు నెలవంక లావుగా కనిపిస్తుంది, సూర్యాస్తమయం తర్వాత సుమారు గంటసేపు ఆకాశంలో నిలుస్తుంది. అయినా అది మొదటి నెలవంకే! ఎందుకంటే నిన్న దాన్ని చూడటం ఎవరికీ సాధ్యం కాలేదు. ఇదే విధంగా, నిండు చంద్రుడు కొన్ని నెలల్లో 13వ రాత్రి, కొన్ని నెలల్లో 14 లేక 15వ రాత్రి రావచ్చు. దాన్ని బట్టి తేదీ తప్పిందని వాదించరాదు.

షరీఅత్ ఏమంటోంది?

నెలవంకలు ప్రజలకూ, హజ్‌కూ కాలాన్ని తెలిపే గుర్తులని దివ్య ఖుర్ఆన్ (బఖరా సూరా, 189వ ఆయత్) తెలియజేస్తోంది. నెలవంకను చూసి ఉపవాసాలు ప్రారంభించాలనీ, చూసి విరమించాలనీ, మబ్బు అడ్డుపడితే 30 రోజులు పూర్తి చేయాలనీ దైవప్రవక్త (స) ఆదేశించారు. ఇక్కడ ఆధారం చూడటమే, పరిమాణం కాదు.

సహీహ్ ముస్లింలో ఒక సంఘటన ఉంది. ఉమ్రా కోసం బయలుదేరిన కొందరు బత్నె నఖ్లా అనే చోట చంద్రుణ్ణి చూశారు. ఒకరు అది మూడు రాత్రుల చంద్రుడన్నారు, మరొకరు రెండు రాత్రులదన్నారు. ఈ విషయం హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ముందుంచగా, మీరు దాన్ని ఏ రాత్రి చూశారని ఆయన అడిగారు. వారు చెప్పగానే, మీరు చూసిన రాత్రే దాని రాత్రి అని దైవప్రవక్త (స) ప్రవచనం ఆధారంగా తీర్పు చెప్పారు. పద్నాలుగు శతాబ్దాల క్రితమే ఈ వివాదం పరిష్కారమైపోయింది!

అయితే నిన్ననే చూసినట్లు నమ్మదగిన సాక్ష్యం లభించి ఉలమా ప్రకటిస్తే, ఆ ఉపవాసాన్ని ఖజా చేయాలి. కేవలం పరిమాణం చూసి మాత్రం ఎవరిపైనా ఖజా లేదు.

సోదర సోదరీమణులారా! ఈసారి నెలవంక కనిపించినప్పుడు పిల్లలను మేడ మీదకు తీసుకెళ్లండి. పడమటి దిక్కున, వెలిగే అంచు సూర్యుడు అస్తమించిన వైపే ఉండటాన్ని చూపించండి. శాంతినీ, విశ్వాసాన్నీ కోరుతూ దైవప్రవక్త (స) నేర్పిన దుఆ వారిచేత చదివించండి. ఆ క్షణం వాదులాడుకోవడానికి కాదు, వేడుకోవడానికి.

అల్లాహ్ మనకు సరైన జ్ఞానాన్ని, ఐకమత్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.