కిబ్లా: నమాజు దిక్కునకు గల యర్థము

ముసల్మానులు పడమటి దిక్కును గొలుతురని మనలో జదువుకొన్నవారు సహితము పలుకుట వినుచున్నాము. విగ్రహారాధనమును నిషేధించినవారే యొక రాతికట్టడమునకు మ్రొక్కుచున్నారుగదా యని పరిహసించువారును గలరు. ఈ రెండు మాటలును విచారింపక పలికినవే.

నమాజు చేయువాడు మొగము త్రిప్పవలసిన వైపునకు కిబ్లా యని పేరు. ఆ వైపు మక్కాలోని కాబా మందిరము. పడమర యనునది మన దేశస్థుల లెక్క మాత్రమే. హైదరాబాదునుండి మక్కా పడమటికి, రవంత యుత్తరమునకు మొగ్గియుండును. మొరాకో దేశస్థుడు మన సంధ్యావందనపరునివలె తూర్పునకే తిరుగును, దక్షిణాఫ్రికావాడు ఉత్తరాభిముఖుడగును. కాబా చుట్టును వలయముగా నిలుచువారు ఒకరి కొకరు ఎదురుగానే యుందురు. ఇక దిక్కును గొలుచుట యెక్కడిది?

అట్లయిన మందిరమునే గొలుచుచున్నారేమో యందురా, చరిత్రమే యుత్తరము చెప్పుచున్నది. మహమ్మదు ప్రవక్త 622వ సంవత్సరమున మదీనాకు వలసపోయిన పిదప 16 లేక 17 మాసముల కాలము యెరూషలేము వంకకే తిరిగి ప్రార్థించెను. 624లో కాబావైపు మరలుమని యాజ్ఞ కలిగెను. అప్పటికి కాబా మక్కావారి విగ్రహములతో నిండియుండెను. 630లో మక్కా వశమైనపుడుగాని యవి తొలగింపబడలేదు. లోపలి వస్తువును పూజించు తలంపే యుండినయెడల, తాము నిరాకరించిన విగ్రహములున్న యింటివైపు ఆరేండ్లపాటు తలవంచుట పొసగునా? అది యబ్రాహాము ఏకేశ్వరార్చనకై కట్టిన యిల్లని వారి విశ్వాసము.

దిక్కు మారినందుకు ఆనాడే యెత్తిపొడిచినవారు లేకపోలేదు. తూర్పు పడమరలు రెండును దేవునివే యని ఖురాను రెండవ యధ్యాయము వారికి బదులు చెప్పినది. మొగము త్రిప్పుటయే ధర్మము కాదనియు, విశ్వాసమును, అనాథలకును బాటసారులకును ధనమిచ్చుటయు, దాసులను విడిపించుటయు, మాట నిలుపుకొనుటయు ధర్మమనియు నా యధ్యాయమందే మఱియొకచోట గలదు. ఇంతచెప్పిన గ్రంథమే దిక్కును విధించుట విపరీతముగా దోపవచ్చును. మా కట్లు తోపదు. దేవునికి దిక్కక్కఱలేదు, ధనికుడును సేవకుడును ఒక్క వరుసలో భుజము భుజము చేర్చి నిలుచుటకు మనుష్యులకే యొక గుఱి కావలెను. బాహ్యచిహ్నములన్నియు వ్యర్థములని త్రోసిపుచ్చు మాబోటివారు సయితము దీని నాలోచింపవలసియున్నది.

ఈ గుఱిని నిర్ణయించుట శాస్త్రమునకును మేలే చేసినది. అల్ బిరూనీ పండితుడు 1025 ప్రాంతమున గజనీ నగరపు కిబ్లాను గణితముచే సాధించుటకై యొక గ్రంథమే వ్రాసెను. సామాన్యులకు సులభోపాయ మొకటి కలదు. ఏటేట మే 28, జూలై 16 తేదుల ప్రాంతమున మక్కాలో మధ్యాహ్నవేళ సూర్యుడు కాబాకు నడినెత్తిన నిలుచును. అపుడు మన గడియారమున మూడుగంటలకు కొంచెము ముందు. నిలువుగా నాటిన కఱ్ఱ నీడ యెటు పడునో దాని కెదురువైపే కిబ్లా.

కదలలేని రోగికిని, ప్రాణభయమున నున్నవానికిని ఈ నియమము సడలును. దిక్కు తెలియనివాడు తనకు తోచినంత విచారించి నిలిచిన జాలును. 2007లో మలేషియా దేశస్థుడొకడు అంతరిక్షమున కేగునపుడు అక్కడి పండితులు వ్రాసియిచ్చిన విధియు నిట్టిదే: సాధ్యమైన కాబావైపు, కానిచో భూమివైపు, అదియు గుదురనిచో ఎటైనను.