ఆడపిల్లకు ఆటలెందుకు?

1. కాయితం వచ్చింది

కొల్లేటి ఒడ్డున ఒక లంక గ్రామం. ఊరి చుట్టూ చేపల చెరువులు. వానలు గట్టిగా పడితే బుడమేరు, తమ్మిలేరు పొంగుతాయి. ఆ నీళ్లన్నీ కొల్లేట్లోకి వస్తాయి. అవి ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోవాలి. పోయేదాకా ఆ ఊరివాళ్లకు పడవే దిక్కు.

ఆ ఊళ్లో ఒక కుటుంబం ఉంది. తండ్రి చేపల చెరువు మీద కాపలా కాస్తాడు. తల్లి రొయ్యలు వలిచే పనికి వెళుతుంది. వాళ్ల పెద్దమ్మాయికి 14 ఏళ్లు. తొమ్మిదో తరగతి చదువుతోంది.

సెలవు రోజుల్లో ఆ పిల్ల కూడా తండ్రితో చెరువు గట్టు మీదికి వెళుతుంది. నీటికాకులు చేపల కోసం వాలతాయి. పిల్ల మట్టిబెడ్డ తీసి విసురుతుంది. అది పిట్టకు తగలదు. సరిగ్గా పిట్ట పక్కన నీళ్లలో పడుతుంది. పిట్టలన్నీ లేచిపోతాయి. ఎంత దూరమైనా గురి తప్పదు.

ఆ చెయ్యి చూసి బడిలో డ్రిల్లు టీచరమ్మ ఆమెను ఆటలో చేర్చింది. ఆ ఆట పేరు సాఫ్ట్‌బాల్.

ఒకరోజు సాయంత్రం పిల్ల ఒక కాయితం తెచ్చింది.

"అమ్మా, ఆదివారం ఏలూరులో జిల్లా జట్టుకు పిల్లల్ని ఎంపిక చేస్తారంట. ఇక్కడ సంతకం పెట్టవే" అంది.

ఒకప్పుడైతే ఆ తల్లి వేలిముద్ర వేసేసేది. కాయితంలో ఏముందో అడిగేది కాదు. ఇప్పుడు అలా కాదు. ఏడాదిగా రాత్రిపూట చదువుల కేంద్రానికి వెళుతోంది. కాయితం దీపం దగ్గరికి తీసుకుంది. కూడబలుక్కుని చదివింది.

"త-ల్లి-దం-డ్రు-ల అం-గీ-కా-రం. అంటే మేం ఒప్పుకోవాలన్న మాట!"

పక్కనే అత్తగారు కూర్చుని ఉంది. ఆమె ఊరుకోలేదు.

"ఏమే కోడలా, వయసొచ్చిన పిల్ల. లాగూ వేసుకుని ఊరూరూ తిరిగితే రేపు దాన్ని ఎవరు చేసుకుంటారే? తాడేపల్లిగూడెం సంబంధం వాళ్లు వచ్చే నెల చూడ్డానికి వస్తామన్నారు. పిల్లాడు ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తా. ఆడపిల్లకు ఆటలెందుకు?"

పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. "నాకు చిన్నప్పటినించీ ఇదే ఆశ మామ్మా. పెద్దయ్యాక కూడా ఆడాలి. ఆటే నా పని అవ్వాలి" అంది.

తల్లి ఏమీ అనలేదు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. తన చిన్నతనం గుర్తుకొచ్చింది. కొల్లేట్లో దోనె తొయ్యడంలో ఆమెను మించినవాళ్లు ఊళ్లో లేరు. మగపిల్లలు కూడా వెనకబడేవారు. పన్నెండో ఏట ఇంట్లో వాళ్లు మానిపించారు. ఎందుకు మానిపించారో ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు.

2. ఏమిటీ ఆట?

మర్నాడు తల్లి ఆ కాయితం చదువుల కేంద్రానికి తీసుకెళ్లింది. డ్రిల్లు టీచరమ్మను కూడా రమ్మంది. ఆడవాళ్లందరూ చుట్టూ చేరారు.

"ఇదేం ఆట టీచరు గారండీ?" అని అడిగారు.

టీచరు నేల మీద ముగ్గుతో నలుపలకల గీత గీసింది. నాలుగు మూలలా నాలుగు చుక్కలు పెట్టింది.

"ఈ నాలుగు చుక్కల్నీ బేస్‌లు అంటారు. మధ్యలోంచి ఒకరు బంతి విసురుతారు. ఈ మూల ఒకరు గుండ్రటి కర్రతో దాన్ని కొడతారు. కొట్టినవాళ్లు ఒక్కో బేస్ తాకుతూ పరుగెత్తాలి. చుట్టూ తిరిగి మొదటి చోటికి వస్తే ఒక పరుగు. ఒక్కో జట్టుకు 9 మంది ఆడతారు. దీనికి పెద్దక్క లాంటి ఆట బేస్‌బాల్. మనకు క్రికెట్ ఎలాగో అమెరికాకు, జపానుకు బేస్‌బాల్ అలాగ. సాఫ్ట్‌బాల్‌కు మైదానం చిన్నది. బంతి కొంచెం పెద్దది. ఈ ఆట 1887లో అమెరికాలోని షికాగో నగరంలో పుట్టింది."

"ఆడితే జీతం ఇస్తారా?" అని ఒకామె అడిగింది.

"బేస్‌బాల్ ఆడి జీతం తీసుకునేవాళ్లు ఆ దేశాల్లో చాలామంది ఉన్నారు. కానీ వాళ్లంతా దాదాపు మగవాళ్లే. ఆడవాళ్లను రానివ్వలేదు. అయినా ఒకామె వెళ్లింది. ఆమె కథ విందాం" అంది టీచరు.

3. టోనీ స్టోన్

ఆమె పేరు టోనీ స్టోన్. 1921లో అమెరికాలో పుట్టింది. నల్లజాతి కుటుంబం. ఆ రోజుల్లో అక్కడ నల్లవాళ్లను తెల్లవాళ్ల పెద్ద జట్లలో ఆడనిచ్చేవారు కాదు. 1947 దాకా అదే పరిస్థితి. అందుకని నల్లవాళ్లు తమకు తామే జట్లు పెట్టుకున్నారు.

చిన్నప్పటి నుంచీ టోనీకి బేస్‌బాల్ అంటే ప్రాణం. తల్లిదండ్రులకు అది నచ్చలేదు. ఆడపిల్ల ఇలా ఆడితే ఎలా అని బెంగపడ్డారు. చర్చి ఫాదరు దగ్గరికి వెళ్లారు. మీరైనా చెప్పి మానిపించండి అని అడిగారు. ఫాదరు ఆ పిల్లతో మాట్లాడాడు. చివరికి ఆయనే ఆమెను చర్చి మగపిల్లల జట్టులో చేర్చుకున్నాడు!

టోనీ పెద్దయింది. చిన్న చిన్న జట్లలో ఆడింది. 1953లో ఇండియానాపొలిస్ క్లౌన్స్ అనే జట్టు ఆమెను తీసుకుంది. అది నల్లవారి పెద్ద లీగులోని మగవాళ్ల జట్టు. అందులో ఆమె రెండో బేస్ దగ్గర ఆడింది. అంత పెద్ద మగవాళ్ల లీగులో జీతానికి ఆడిన మొదటి ఆడమనిషి ఆమే.

ఆ దారి పూలబాట కాదు. పొట్టి గౌను వేసుకుని ఆడితే జనం ఎక్కువ వస్తారన్నారు. ఆమె ఒప్పుకోలేదు. మగవాళ్లు వేసుకునే బట్టలే వేసుకుంది. ఎదుటి జట్టులో కొందరు కావాలని మేకుల బూట్లతో ఆమె కాళ్ల మీదికి జారేవారు. గాయాలయ్యాయి. అయినా వెనక్కి తగ్గలేదు.

1954లో ఆమె ఇంకో జట్టుకు మారింది. అక్కడ ఎక్కువ సేపు కూర్చోబెట్టారు. ఆడే అవకాశం తక్కువ ఇచ్చారు. ఆ ఏడాది చివర ఆమె ఆట మానేసింది. తర్వాత నర్సుగా పనిచేసింది. 1996లో చనిపోయింది.

"పాపం, చివరికి కూర్చోబెట్టారా!" అంది ఒక పెద్దమ్మ.

"కల మొత్తం తీరిందని చెప్పలేం పెద్దమ్మా. కానీ ఆమె ఆడింది. ఆడవాళ్లు ఆడలేరన్న మాట అబద్ధమని చూపించింది" అంది టీచరు.

4. మన మల్లీశ్వరి

"అది అమెరికా. మన దగ్గర కుదురుతుందా?" అని తల్లి అడిగింది.

అప్పుడు టీచరు కరణం మల్లీశ్వరి సంగతి చెప్పింది.

మల్లీశ్వరి 1975లో పుట్టింది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట ఆమె ఊరు. తండ్రి కానిస్టేబులు. ఇంట్లో అందరూ ఆడపిల్లలే. ఊళ్లో నీలంశెట్టి అప్పన్న అనే గురువు బరువులెత్తడం నేర్పేవాడు. మల్లీశ్వరి 12వ ఏట ఆ ఆటలోకి వచ్చింది. అప్పుడు ఆమె బక్కపల్చగా ఉండేది. ఈ పిల్ల బరువులేం ఎత్తుతుందని అనుకున్నారు. తల్లి శ్యామల మాత్రం కూతురికి ధైర్యం చెప్పింది.

ఆ బక్కపిల్లే 1994లో, 1995లో ప్రపంచ విజేత అయింది.

2000 సంవత్సరంలో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఒలింపిక్స్ జరిగాయి. ఆడవాళ్ల బరువులెత్తే పోటీని ఒలింపిక్స్‌లో పెట్టడం అదే మొదటిసారి. సెప్టెంబరు 19న మల్లీశ్వరి పోటీలోకి దిగింది. ఒక పద్ధతిలో 110 కిలోలు ఎత్తింది. రెండో పద్ధతిలో 130 కిలోలు ఎత్తింది.

మన జిల్లాల్లో ధాన్యం బస్తా 75 కిలోలు. 130 కిలోలంటే ఒక బస్తా మీద దాదాపు మరో ముప్పావు బస్తా. అంత బరువును తలపైకి ఎత్తి నిలబడింది!

మొత్తం 240 కిలోలు. మొదటి ఇద్దరూ 242న్నర కిలోలు ఎత్తారు. చివరిసారి మల్లీశ్వరి 137న్నర కిలోలకు ప్రయత్నించింది. ఎత్తలేకపోయింది. రెండున్నర కిలోల తేడాతో వెనకబడింది. కంచు పతకం వచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారత మహిళ మన తెలుగు ఆడపడుచే.

ఆట ఆమెకు ఉద్యోగం కూడా తెచ్చింది. భారత ఆహార సంస్థలో ఆమె పెద్ద అధికారి అయింది. మన ధాన్యం, బియ్యం కొని నిల్వచేసే సంస్థ అది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ చాన్సలర్‌గా ఆమెను నియమించారు.

"అంత దూరం ఎందుకు? కొల్లేటికి దగ్గరలోని గుడివాడలో పుట్టిన కోనేరు హంపి లేదూ? 2002లో 15 ఏళ్లకే చదరంగంలో గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆమెకు ఆట నేర్పింది కన్నతండ్రే" అంది టీచరు.

5. తల్లి అడిగిన ప్రశ్నలు

కథలు బాగున్నాయి. కానీ కథలు విని తల్లి సంతకం పెట్టలేదు. ముందు తన అనుమానాలన్నీ అడిగింది.

"పిల్లతో ఎవరు వస్తారు?"

"నేనే వస్తాను. పొద్దున్నే బస్సెక్కి సాయంత్రానికి వచ్చేస్తాం. జట్టుకు ఎంపికై వేరే ఊరు వెళ్లాల్సి వస్తే ఎక్కడ పడుకుంటారో, ఎవరు తోడుంటారో ముందుగా కాయితం మీద రాసిస్తాం. అది చదివాకే మీరు ఒప్పుకోండి."

"దెబ్బలు తగులుతాయా?"

"పేరుకు సాఫ్ట్‌బాల్ గానీ బంతి గట్టిదే. చేతికి తోలు తొడుగు ఉండాలి. కర్ర పట్టేటప్పుడు తలకు టోపీ ఉండాలి. అవి లేకుండా ఆడనివ్వను."

"దీనివల్ల ఉద్యోగం వస్తుందా?"

టీచరు దాచకుండా చెప్పింది. "ఆడినవాళ్లందరికీ రాదమ్మా. మన దేశంలో ఈ ఆట మీదే బతికేవాళ్లు చాలా తక్కువ. రాష్ట్రం తరఫున, దేశం తరఫున బాగా ఆడినవాళ్లకు ప్రభుత్వ ఆఫీసుల్లో క్రీడాకారుల కోటా ఉంటుంది. కాలేజీ సీట్లలో కూడా ఉంటుంది. దానికి పోటీల్లో ఇచ్చే సర్టిఫికెట్లు కావాలి. వాటిని జాగ్రత్తగా దాచాలి. చదువు మాత్రం మానకూడదు. ఆట ఆగిపోయినా చదువు నిలబెడుతుంది. టోనీ స్టోన్‌కు కూడా నర్సు పనే అన్నం పెట్టింది కదా."

ఆ మాట తల్లికి నచ్చింది. టీచరు ఆశ పెట్టలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

కేంద్రం నడిపే అమ్మాయి ఇంకో మాట అంది. "అక్కా, ఆడపిల్లకు 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేస్తే నేరం. 2006లో చట్టం కూడా వచ్చింది. ఎక్కడైనా బాల్య వివాహం జరుగుతుంటే 1098 నంబరుకు ఫోను చేసి చెప్పొచ్చు."

6. సంతకం

తల్లి ఇంటికొచ్చింది. భర్తకు అంతా చెప్పింది. అతను కాసేపు ఆలోచించాడు.

"దాని గురి నాకు తెలుసు. వెళ్లనీ" అన్నాడు.

తల్లి కాయితం తీసింది. తన పేరు నిదానంగా రాసింది. ఒక అక్షరం కొంచెం వంకర పోయింది. అయినా అది ఆమె సంతకం. తెలిసి, చదివి పెట్టిన సంతకం.

తర్వాత అత్తగారి దగ్గర కూర్చుంది.

"అత్తయ్యా, గూడెం వాళ్లకు కబురు చేద్దాం. పిల్లకు 18 నిండాలి. చదువు కావాలి. అప్పుడు దాని ఇష్టం కూడా కనుక్కుని మాట్లాడదాం" అంది.

అత్తగారు మూతి ముడుచుకుంది. మాట్లాడలేదు.

ఆదివారం పిల్ల ఏలూరు వెళ్లింది. చాలా ఊళ్ల నుంచి పిల్లలు వచ్చారు. ఈ పిల్ల బంతి బాగా విసిరింది. కానీ కర్రతో సరిగా కొట్టలేకపోయింది. ఆ ఏడాది ఎంపిక కాలేదు. బస్సులో ఏడుస్తూ వచ్చింది.

తల్లి అన్నం పెట్టి అడిగింది. "ఏది రాలేదే నీకు?"

"కొట్టడం రాలేదమ్మా."

"అయితే కొట్టడం నేర్చుకో. వచ్చే ఏడు మళ్లీ కాయితం తీసుకురా. మళ్లీ సంతకం పెడతాను."

మర్నాడు మామ్మ చెరువు గట్టు మీదికి వచ్చింది. నీటికాకులు వాలి ఉన్నాయి.

"ఏదే, బెడ్డ విసురు. చూస్తాను" అంది.

పిల్ల విసిరింది. పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. మామ్మ నోటి మీద చెయ్యేసుకుంది.

"ఓసినీ! అంత దూరమే!" అంది.

కొత్త మాటలు

అంగీకారం = ఒప్పుకోవడం
ఎంపిక = ఏరి తీసుకోవడం
లీగు = కొన్ని జట్లు కలిసి ఏటా ఆడుకునే పోటీ
పతకం = గెలిచినవాళ్లకు ఇచ్చే బిళ్ల
కోటా = కొందరి కోసం విడిగా ఉంచిన భాగం

మాట్లాడుకోండి

1. తల్లి వెంటనే సంతకం ఎందుకు పెట్టలేదు? ఏమేం అడిగింది? ఇంకా ఏం అడగాలి?
2. మామ్మ భయాలు ఏమిటి? అందులో ఏది నిజం? ఏది కాదు?
3. చిన్నప్పుడు మీకు బాగా వచ్చిన పని ఏది? దాన్ని ఎందుకు మానేశారు?
4. మీ ఊరి బడిలో ఆడపిల్లలు ఆడుకోవడానికి చోటు ఉందా? లేకపోతే ఎవరిని అడగాలి?

రాయండి

1. మీ సంతకం మూడుసార్లు రాయండి.
2. మీ అమ్మాయికి గానీ, మనవరాలికి గానీ ఏం కావాలని ఉందో అడగండి. ఆమె చెప్పిన మాట ఒక వాక్యంలో రాయండి.
3. మల్లీశ్వరి ఎత్తిన 110 కిలోలు, 130 కిలోలు కూడండి. మొత్తం ఎంత?