నిద్ర పట్టకపోతే ఒంట్లో ఏమవుతుంది?

ఈ నెల గోడపత్రికకి ఆరోగ్యం మీద వ్యాసం రాయమని బయాలజీ టీచర్ నాకు చెప్పారు. నేను నిద్ర గురించి రాస్తున్నాను. నిద్ర గురించి రాయడానికి ఏముంది, పడుకుంటే అదే వస్తది కదా అంటారు మీరు. నేను కూడా అట్లనే అనుకున్నాను. కానీ మా అవ్వకి రాదు.

మా అవ్వ రాత్రి చాప మీద పడుకుంటది గానీ నిద్రపోదు. కాసేపటికి లేచి పొయ్యి దగ్గర కూర్చొని కోడి కూసేదాకా చుట్ట కాలుస్తది. తాత చనిపోయినప్పటి నుంచి ఇట్లనే ఉంది. ఊళ్లో వాళ్లు గాలి సోకిందన్నారు. వడ్డె తాత తాయెత్తు కట్టాడు, అమ్మ కోడిని కోసింది. కోడి పోయింది గానీ నిద్ర రాలేదు.

దసరా సెలవుల్లో అవ్వకి తల తిరుగుతుంటే అమ్మ, నేను ఆస్పత్రికి తీసుకుపోయాం. బీపీ చూస్తే పైది 170 ఉంది. డాక్టరమ్మ "అవ్వా, రాత్రి నిద్ర పడుతుందా?" అని అడిగింది. తల తిరుగుతుందని పోతే నిద్ర సంగతి ఎందుకు అడిగిందా అని నాకు ఆశ్చర్యం వేసింది. తర్వాత అర్థమయింది.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. పంట కాలంలో మా నాయన అడవి పందులు రాకుండా మంచె మీద రాత్రంతా మేలుకుంటాడు. తెల్లారి ఇంటికొచ్చి పడుకుంటే మధ్యాహ్నం దాకా లేవడు. అది నిద్రలేమి జబ్బు కాదు. పడుకోవడానికి చోటు, సమయం రెండూ ఉండి కూడా నిద్ర పట్టకపోవడం, లేదా మధ్యలో మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడం, దానివల్ల పగలు నీరసంగా ఉండడం జబ్బు. ఇట్లా వారానికి కనీసం 3 రాత్రులు, 3 నెలలు ఉంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. లెక్కల పరీక్ష ముందు రాత్రి మనకు నిద్ర పట్టకపోవడం దీని కిందికి రాదు.

ఇప్పుడు గుండె సంగతి. మనం నిద్రపోయినప్పుడు గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది. బీపీ మామూలుగా 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. అంటే గుండెకి రోజూ రాత్రి ఆదివారం అన్నమాట. నిద్ర పట్టని వాళ్లలో చాలామందికి ఈ తగ్గడం సరిగా జరగదు. ఏళ్ల తరబడి అట్లనే ఉంటే బీపీ, గుండెజబ్బు, పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. మా అవ్వ బీపీకి నిద్ర ఒక్కటే కారణమని డాక్టరమ్మ అనలేదు. వయసు, ఉప్పు, చుట్ట కూడా ఉన్నాయంది.

నిద్ర తక్కువైతే ఆకలి కూడా మారిపోతుంది. 2004లో అమెరికాలోని చికాగో యూనివర్సిటీ వాళ్లు 12 మంది ఆరోగ్యంగా ఉన్న యువకులను 2 రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చారు. కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. 2015లో అమెరికాలోనే ఇంకో పరిశోధనలో 164 మంది ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేశారు (వాళ్లు ఒప్పుకున్నాకనే!). 7 గంటల కంటే ఎక్కువ పడుకున్న వాళ్లతో పోలిస్తే 6 గంటల కంటే తక్కువ పడుకున్న వాళ్లకు జలుబు పట్టడం 4 రెట్లు ఎక్కువ. ఒంట్లో రోగంతో పోరాడే శక్తి కూడా నిద్రలోనే కూడుతుంది.

మన వయసు వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఎదిగే హార్మోను గాఢనిద్రలో ఎక్కువగా వస్తుంది. మన హాస్టల్లో 10 గంటలకు లైట్లు ఆర్పుతారు, 5 గంటలకు బెల్లు కొడతారు. లెక్క మీరే వేసుకోండి. మేడమ్ కోప్పడకూడదు.

ఇంకొకటి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. మా గదిలో ఏడో తరగతి చెల్లి ఒకామె రోజూ క్లాసులో నిద్రపోతుంటే బెంచీ మీద నిలబెట్టేవాళ్లు. అందరం "కుంభకర్ణి" అని పిలిచాం. నేనూ పిలిచాను, నేనూ నవ్వాను. ఒక రాత్రి బాత్రూంకి లేచి చూస్తే ఆమె మంచం మీద కూర్చొని చేతివేళ్ల సందులు గోక్కుంటూ ఏడుస్తుంది. గజ్జి. ఆ పురుగు కంటికి కనపడదు, తోలు కింద బొరియ చేస్తుంది, రాత్రిపూట దురద ఎక్కువ. రెండు నెలలుగా ఆమె సరిగా పడుకోలేదు. అడిగితే "చెప్తే పక్కన పడుకోనియ్యరు కదా అక్కా" అంది. నర్సమ్మ మందు ఇచ్చింది. గదిలో అందరం ఒకే రోజు మెడ నుంచి కాళ్ల దాకా రాసుకున్నాం, బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉడకబెట్టాం. ఇప్పుడు ఆమె క్లాసులో నిద్రపోవడం లేదు. మార్కులు నాకంటే ఎక్కువ వస్తున్నాయి.

రక్తం తక్కువున్న కొందరికి పడుకోగానే కాళ్లలో ఏదో పాకినట్టు ఉండి, కదిలిస్తే గానీ ఊరుకోదు. ఐరన్ తక్కువైనా అట్లా అవుతుంది. వారం వారం ఇచ్చే ఐరన్ మాత్రని కిటికీలోంచి పారేసే వాళ్లు ఎవరో నాకు తెలుసు. పేర్లు రాయను.

మా అవ్వ ఇప్పుడు బీపీ మాత్ర వేసుకుంటుంది. చుట్టలో ఉండే నికోటిన్ నిద్రని చెడగొడుతుందని డాక్టరమ్మ చెప్పింది. నేను ఇంటికి పోయినప్పుడు అదే చెప్తే, "నిద్ర రాకనే కదే చుట్ట కాల్చేది" అని నవ్వింది. అయినా పొద్దు గూకినాక కాల్చొద్దని చుట్టలు నా ట్రంకు పెట్టెలో దాచాను. మొదటి రెండు రాత్రులు నన్ను తిట్టింది. మూడో రాత్రి పొయ్యి దగ్గర కూర్చొని తాత గురించి చాలాసేపు చెప్పింది, చెప్తూ చెప్తూ నా ఒళ్లో తల పెట్టి పడుకుంది. కోడి కూసినా లేవలేదు.

— 9వ తరగతి విద్యార్థిని